శుక్రవారం బడిలో నేర్పని మాట

పోయిన బుధవారం పొద్దున ఇక్కడ కువైట్‌లో, ఫహాహీల్‌లోని నా వంటగదిలో చింతపండు నానేసి, బియ్యం కడుగుతూ ఉంటే గట్టు మీద పెట్టిన ఫోను టింగుమంది. నెలకింతని ఇచ్చి నా చేతి వంట తినే జగిత్యాల కుర్రాళ్ళలో ఎవరో ఒకరు, పెద్దమ్మా ఇయ్యాల నాకు అన్నం వద్దు అని చెప్పి ఉంటారులే అనుకుని తడిచేత్తోనే వాట్సాప్‌లో వచ్చిన మాట నొక్కాను. వచ్చింది వాళ్ళ గొంతు కాదు. ఇరవై రెండేళ్ళుగా నేను వినని గొంతు, పళ్ళూడి మాట మాటకూ గాలి పోతున్నా ఇట్టే గుర్తుపట్టిన గొంతు.

"ఏమ్మే, బాగుండావా? మా చిన్నోని కూతురు ఆడికొచ్చిండాది, ఫింటాస్‌లో యాదో ఇల్లంట. దానికి భాష రాదు. నాలుగు మాటలు నేర్పియ్యిమే, నీకు పుణ్యముంటాది."

అంతే. కొళాయి విప్పిన సంగతే మరిచిపోయాను. బియ్యం సగం నీళ్ళతో పాటు కొట్టుకుపోయాయి. మా వదిన నన్ను నాలుగు మాటలు అడుగుతోంది! ఆ నాలుగు మాటలు నాకు నేర్పకుండా దాచిపెట్టి నా బతుకులో ఒక రోజును దోచుకున్న మనిషి, ఇప్పుడు ఏ జంకూ లేకుండా వాటినే నా దగ్గర అడుగుతోంది. ఎందుకు నాకంత మండిందో తెలియాలంటే మీకు ముప్పై ఏళ్ళ వెనకటి సంగతి చెప్పాలి. నా ఈడు వాళ్ళు, ముఖ్యంగా కడప, రాయచోటి వైపు నుంచి నాలాగే పెట్టె సర్దుకుని వచ్చినవాళ్ళు, చెప్పకముందే సగం పోల్చుకుంటారు.

ఆమె మా ఆయన పెద్దనాన్న కూతురు. నన్ను కువైట్‌కు తెచ్చింది ఆమే. అది కాదనను. రుమైథియాలో ఆమె ఒక ఇంట్లో వంట చేసేది, నాలుగు ఇళ్ళ అవతల నన్ను పనికి పెట్టించింది. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు, నా కూతురికి పదకొండు. పిల్లను మా తోడికోడలి దగ్గర వదిలి వచ్చాను. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే గాని చదవడం రాదు. అందుకేనేమో విన్నదంతా తలలోనే పెట్టుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటయింది. ఒకసారి చెవిన పడిన మాట మళ్ళీ బయటికి పోదు. మా అమ్మ ఏ సంతలో ఏ రంగు గాజులు కొనిందో ఈరోజుకూ చెప్పగలను. ఇంత జ్ఞాపకం మంచిదేనా అని మాత్రం నన్ను అడగకండి.

ఆ రోజుల్లో వదిన ఒక బడి నడిపేది. బడి అంటే బోర్డూ బెంచీ ఉన్నది కాదు. ఆమె పనిచేసే ఇంటి వెనక కార్లు నిలిపే రేకుల షెడ్డు ఉండేది. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయి యజమానులు పడుకున్నాక చుట్టుపక్కల ఇళ్ళలోని మన ఆడవాళ్ళు, అప్పుడప్పుడే విమానం దిగినవాళ్ళు, పదిహేను పద్దెనిమిది మంది అక్కడ చేరేవాళ్ళు. పనిమనిషికి భాష వస్తే తమకే సుఖం కదా అని మామాలే, అంటే ఆ ఇళ్ళ యజమానురాళ్ళే, పంపేవాళ్ళు. ఇక్కడి పిల్లలు పంతులమ్మను అబ్లా అంటారు. శుక్రవారం నాడు ఆ షెడ్డులో ఉన్నంతసేపూ మేమందరం తనను అబ్లా అనే పిలవాలని వదిన రూలు. నేను కూడా అట్లాగే పిలిచేదాన్ని, సిగ్గు లేకుండా.

వచ్చిన ఆరో నెలలోనే నన్ను ఆ బడికి సహాయకురాలిని చేసింది. ఎందుకంటే వదినకు అరబ్బీలో గలగలా మాట్లాడడం వచ్చుగాని వస్తువుల పేర్లు నిలిచేవి కావు. ఏది కావాలన్నా వేలు చూపించి హాదా, హాదా, అంటే ఇదీ ఇదీ అని నెట్టుకొచ్చేది. అందుకని పద్ధతి ఇట్లా పెట్టింది. చెక్క మీద గరిటె, జల్లెడ, చీపురు, పాలసీసా, ఇస్త్రీపెట్టె అన్నీ పరిచేది. ఒకటి పైకెత్తి తెలుగు పేరు చెప్పి నావైపు చూసేది. నేను అరబ్బీ పేరు చెప్పేదాన్ని. ఆడవాళ్ళు మూడుసార్లు అనేవాళ్ళు. వదిన తల ఊపి ఇంకో వస్తువు ఎత్తేది. చూసేవాళ్ళకు అంతా ఆమె చెప్పినట్టే ఉండేది. నాకూ ఆ గొప్ప నచ్చేది, అబద్ధం ఎందుకు? పొద్దున లేస్తే స్నానాలగదులు కడిగే నేను వారానికి రెండు గంటలు నలుగురికి నేర్పేదాన్నయ్యాను కదా.

వస్తువులయ్యాక ఆజ్ఞలు. తే, కడుగు, మూయి, యల్లా త్వరగా, ఖలాస్ చాలు. మామా నోటి నుంచి వచ్చేవన్నీ. వాటన్నిటికీ జవాబు మాత్రం ఒక్కటే నేర్పేది. నామ్ మామా, జైన్. అవును మామా, మంచిది. అది మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేట్టు వల్లె వేయించేది.

"మామా యేమడిగినా ఇదే. తల మింద చెయ్యి పెట్టినా ఇదే, చెంప మింద పెట్టినా ఇదే. అర్థమాయెనా?"

రాజంపేట వైపు నుంచి వచ్చిన ఒకామె గడుసుది, ఒకరోజు లేచి అడిగింది. "అబ్లా, నాకు కడుపులో నొప్పిగా ఉండాదని యెట్ల చెప్పల్ల?"

"నీకు నొప్పొస్తే నాకు చెప్పుమే. నేను మీ మామాకు చెప్తా. నేనుండేది మరెందుకు?"

అందరం ఆ మాటకు కరిగిపోయాం. ఎంత మంచి మనిషి, మన కష్టం తన నోటితో చెప్తుంది అనుకున్నాం. మాకు నోరు లేకుండా చేస్తోందని ఒక్కరికీ తట్టలేదు. జ్వరమైనా, ఇంటికి ఫోను చేసుకోవాలన్నా, ఊరికి పోవాలన్నా అన్నిటికీ వదినే పోయి మాట్లాడాలి. అందుకని ప్రతి ఇంటి మామాకూ వదిన కావాలి, ప్రతి పనిమనిషికీ వదిన కావాలి. ఇక్కడి మాటలో అబీ అంటే నాకు కావాలి, నేను కోరుతున్నాను అని. ఆ మాట మామా నోట రోజుకు ఇరవైసార్లు వినేదాన్ని, అబీ చాయ్, అబీ నీళ్ళు అని. అది మామా మాట అనుకున్నాను. నా నోట కూడా పలుకుతుందని నాకు ఎవరూ చెప్పలేదు.

రెండేళ్ళు నిండి నాలుగు నెలలయింది. ఊరికి పోయి రావడానికి నాకు హక్కు వచ్చేసింది. అప్పుడు ఒక గురువారం మా అన్న ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోను చేశాడు. పాప పెద్దమనిషి అయిందని, పదకొండో రోజున నీళ్ళు పోసి చాప మీద కూర్చోబెడతామని, ఆ రోజుకు ఎట్లాగైనా అందుకోమని. మన వైపు ఆ రోజుకు తల్లి లేకుంటే ఎట్లా ఉంటుందో ఆడవాళ్ళకు నేను చెప్పాలా? చిమ్మిలి తినిపించేదీ, తలకు నీళ్ళు పోసేదీ, ఆ పిల్ల భయపడుతుంటే చెవిలో నాలుగు మాటలు చెప్పేదీ తల్లే కదా.

మరునాడు బడి అయ్యాక వదినతో చెప్పుకున్నాను. శనివారం పొద్దున్నే వచ్చింది. నన్ను తలుపు బయట నిలబెట్టి తాను లోపలికి పోయి మామాతో చాలాసేపు మాట్లాడింది. తర్వాత మామా బయటికి వచ్చింది. నా భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా, బుజ్జగింపుగా ఏదో అడిగింది. నామ్ మామా, జైన్ అన్నాను. ఇంకోసారి అడిగింది. నామ్ మామా, జైన్. మూడోసారి నా కళ్ళలోకి చూసి అడిగింది. నామ్ మామా, జైన్. నా ముఖంలో సంతోషం ఆగడం లేదు. మామా లోపలికి పోయి మామిడిపండు రంగు పట్టుగుడ్డ తెచ్చి, బింత్ అంటూ, అంటే నీ కూతురికని, నా చేతిలో పెట్టింది. ఆ గుడ్డ ముట్టుకోగానే నా ప్రయాణం ఖాయమైపోయిందనుకున్నాను.

పెట్టె సర్దుకున్నాను. పట్టుగుడ్డ అన్నిటికన్నా పైన పెట్టాను. ఆదివారం ఎవరూ టికెట్టు మాట ఎత్తలేదు. సోమవారం లేదు. మంగళవారం వదిన ఉన్న ఇంటి గేటు దగ్గరికి పరిగెత్తితే, ఆమె కిటికీలోంచే చేతులు తిప్పింది.

"నీ మామా ఒప్పుకోలేదుమే. రంజాన్ వస్తాండాది, యెట్ల పంపుతారు? నేను శానా చెప్పి చూస్తి."

పదకొండో రోజు నేను పిల్లల బట్టలు ఇస్త్రీ చేస్తూ ఉన్నాను. ఇక్కడ పొద్దున ఏడయితే అక్కడ తొమ్మిదిన్నర. ఇప్పుడు నీళ్ళు పోస్తుంటారు, ఇప్పుడు ఓణీ కడుతుంటారు, ఇప్పుడు చాప మీద కూర్చోబెడుతుంటారు అని లెక్క వేసుకుంటూ ఒక తెల్లచొక్కా కాల్చేశాను. మామా ఏమీ అనలేదు. ఆ ఊరుకోవడం చూసి ఆమె మీద నాకు ఇంకా కసి పుట్టింది. తప్పు చేసింది కాబట్టే నోరు మెదపడం లేదు అనుకున్నాను. ఏడాదిపాటు ఆ ఇల్లాలిని మనసులో తిట్టని తిట్టు లేదు. ఆ మధ్యలోనే ఊరి నుంచి ఫోటో వచ్చింది. నా కూతురు చాప మీద తలవంచుకుని కూర్చుని ఉంది, తల్లి నిలబడే చోట మా తోడికోడలు నిలబడి ఉంది.

నిజం నాకు చెప్పింది మామా వాళ్ళ అమ్మ. ఇంట్లో అందరూ ఆమెను యుమ్మా అనేవాళ్ళు. చూపు తగ్గిపోయి రోజంతా మంచం మీద ఉండేది. నేను కాళ్ళు ఒత్తుతుంటే తన చిన్నప్పటి సముద్రం కబుర్లు, ముత్యాల కోసం పడవ ఎక్కిపోయిన తండ్రి కబుర్లు చెప్పేది. నిజమైన అరబ్బీ నాకు ఆ కాళ్ళ దగ్గరే వచ్చింది, శుక్రవారం షెడ్డులో కాదు. అట్లా ఒకరోజు మాటల్లో మాటగా అంది. నీది రాతిగుండె, కన్నకూతురి పండగకు పొమ్మంటే ఈ ఏడు పోను, పైఏడు పోతాలే అని మీ వదినతో చెప్పించావు, ఇక్కడి తిండి అంత రుచిగా ఉందా నీకు?

నా చేతులు ఆగిపోయాయి. లేచి నేరుగా మామా దగ్గరికి పోయాను. నా అంతట నేను ఆమెను ప్రశ్న అడగడం అదే మొదలు. మామా బిత్తరపోయింది. నీ నోటితోనే చెప్పావు కదా, నేను మూడుసార్లు అడిగాను, నిజంగా పోవద్దనుకుంటున్నావా, మనసులో బాధేమీ లేదు కదా అని, మూడుసార్లూ నువ్వు నవ్వుతూ అవును మామా, మంచిది అన్నావు అంది. పోతానని ఉంటే ఆ రాత్రికే టికెట్టు కొనేదాన్ని, పోను అన్నావు కాబట్టే పిల్లకు గుడ్డయినా పంపిద్దామని ఇచ్చాను అంది.

ఎందుకు చేసిందో తెలుసుకోవడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. వదిన ఇంటి యజమానురాలి చుట్టం ఒకావిడ మన వైపు నుంచి ఆడవాళ్ళను రప్పించే ఆఫీసు పెడుతోందట. వచ్చినవాళ్ళకు భాష నేర్పడానికి మనిషి కావాలని, వదిన బడి గురించి అప్పుడే అడగడం మొదలుపెట్టిందట. పొయ్యి దగ్గరి నుంచి కుర్చీలోకి పోవాలని వదిన ఆశ. నేను రెండు నెలలు ఊరికి పోతే జల్లెడ ఎత్తినప్పుడు పేరు చెప్పేదెవరు? అందుకు, ఆ ఒక్కదానికి, నా కూతురి పక్కన నా చోటు ఖాళీ చేసింది.

నేను పోట్లాడలేదు. జుట్టు పట్టుకోవాలనిపించింది, నిజమే. కానీ ఊరుకున్నాను. ప్రతి శుక్రవారం పోయాను, అబ్లా అని పిలిచాను, ఆమె ఎత్తిన ప్రతి వస్తువుకూ పేరు చెప్పాను. ఐదు నెలలు. కోపాన్ని అన్ని నెలలు చల్లారకుండా ఉంచుకోవడం మాటలు కాదు. మీరు నమ్మండి నమ్మకపొండి, ఆ ఐదు నెలలూ నేను కడుపునిండా తిన్నాను, హాయిగా నిద్రపోయాను. నాకు రావలసిన రోజు ఒకటి వస్తుందని తెలుసు.

వచ్చింది. ఆఫీసావిడ బడి చూడ్డానికి వస్తానని కబురు పెట్టింది. నచ్చితే వదిన ఇఖామా, అంటే ఇక్కడ ఉండి పనిచేసే అనుమతి కాగితం, వంటింటి నుంచి తన ఆఫీసుకు మార్పించుకుంటానంది. వదిన ఆరోజు ముదురాకుపచ్చ పట్టుచీర కట్టింది. షెడ్డంతా కడిగించింది. ఆవిడ కోసం ఒక కుర్చీ, తన కోసం ఒక కుర్చీ వేయించింది. పద్దెనిమిది మందిమి కింద కూర్చున్నాం. ఆవిడ వచ్చి, నల్లకళ్ళద్దాలు తీసి, యల్లా అంది.

వదిన జల్లెడ ఎత్తింది. "జల్లెడ" అని నావైపు చూసింది.

నేను జల్లెడ వైపు చూశాను.

"జల్లెడ మే" అంది మళ్ళీ, నవ్వుముఖంతోనే.

"నాకు తెలీదు వదినా" అన్నాను. అబ్లా అనలేదు.

గరిటె ఎత్తింది. తెలీదన్నాను. పాలసీసా నావైపు చూడకుండానే ఎత్తింది. తానే ఏదో పేరు చెప్పింది, ఆఫీసావిడ కనుబొమలు పైకి పోయాయి. ఆవిడ వదినను వదిలేసి నన్నే అడిగింది, నువ్వు ఎన్నాళ్ళుగా ఇక్కడ నేర్చుకుంటున్నావు అని. నాకు ప్రతి అక్షరమూ అర్థమయింది. చేతులు కట్టుకుని చెప్పాను. నామ్ మామా, జైన్. ఆవిడ నా పక్కనామెను అడిగింది, నీ పేరేమిటి? నామ్ మామా, జైన్. ఆ వెనకామెను, నీకు పిల్లలున్నారా? నామ్ మామా, జైన్. నేను ఎవరికీ చెప్పిపెట్టలేదు, ఒట్టు. చెప్పాల్సిన పనే లేదు. వాళ్ళకు నేర్పింది అదొక్కటే అని నాకు తెలుసు, భయం వేస్తే అదే వస్తుందనీ తెలుసు. పద్దెనిమిది నోళ్ళు, ఒకటే జవాబు. ఆవిడ మొదట నవ్వింది, తర్వాత నవ్వు ఆపింది. వీళ్ళకు ఇదేనా నువ్వు నేర్పింది, రేపు ఒంట్లో బాగాలేకపోతే ఎట్లా చెప్తారు అని వదినను అడిగి, కళ్ళద్దాలు పెట్టుకుని పోయింది.

అందరూ వెళ్ళాక వదిన నా చెయ్యి పట్టుకుంది. "నా నోట్లో మన్ను కొట్టినావు కదమే. నేనేం జేస్తి నీకు?"

"నామ్ వదినా, జైన్" అన్నాను. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. నా ముఖం చూసి ఆమెకు తెలిసిపోయింది. చెయ్యి వదిలేసింది.

తర్వాత ఆమె బడికి ఎవరూ రాలేదు. మా మామాను అడిగి శుక్రవారాలు మా ఇంటి వెనక గదిలో నేనే మొదలుపెట్టాను. మొదటిరోజు గరిటె ఎత్తలేదు, జల్లెడ ఎత్తలేదు. అబీ. నాకు కావాలి. మా అబీ. నాకు వద్దు. అవి గొంతు చించుకుని అనిపించాను. మంచి పని చేశావని ఇప్పటికీ కొందరు అంటారు. మంచికి కాదు, కక్షకే నేర్పాను. మన ఆడవాళ్ళు ఎవరూ ఇంకెప్పుడూ ఆమె గుమ్మం తొక్కే అవసరం లేకుండా చెయ్యాలని నేర్పాను. వదిన ఇంకా ఐదేళ్ళు ఆ పొయ్యి దగ్గరే ఉంది. కాళ్ళు వాచేవి, నడుము వంగిపోయింది. వీధిలో ఎదురైతే ఆమె తల తిప్పుకునేది, నేను తిప్పుకునేదాన్ని కాను. ఊరికి పోయేరోజు కూడా చెప్పి పోలేదు.

మొన్న శుక్రవారం ఆ మనవరాలు ఫింటాస్ నుంచి బస్సులో వచ్చింది. ఇరవై ఏళ్ళు ఉంటాయి, గడ్డం అచ్చు వాళ్ళ జేజిదే, మా వదినదే. నేను మనసులో ఒక ఏర్పాటు చేసుకునే ఉన్నాను, దాచను. దీనికి కూడా ఆ రెండు మాటలే నేర్పి పంపిద్దామని. అన్నం పెట్టాను. తిన్నాక ఎదురుగా కూర్చోబెట్టి, చెప్పు పాపా, నామ్ మామా, జైన్ అన్నాను. బుద్ధిగా అంది. ఇంకోసారి అనిపించాను. అంటూనే ఫోను తీసింది.

"అవ్వా, ఇంత కష్టమెందుకు? తెలుగులో చెప్తే ఇదే అరబ్బీలో మాట్లాడ్తాది చూడు." ఫోనులో ఏదో ఆడగొంతు నేను ముప్పై ఏళ్ళు కష్టపడి నేర్చిన మాటల్ని తడుముకోకుండా చెప్పేసింది. నా దగ్గర దాచుకున్న కత్తి మొద్దుబారిపోయినట్టయింది.

"మీ మామా ఫోను నీ దగ్గరే ఉంచుతాదా?"

పిల్ల తల వంచుకుంది. "శుక్రవారం ఒక్కరోజే ఇస్తాదవ్వా. మిగతా రోజులు బీరువాలో పెడ్తాది."

వంచిన ఆ తల అచ్చు ఫోటోలో నా కూతురి తలలాగే ఉంది. పిల్ల గడ్డం పట్టుకుని తల పైకెత్తాను. తర్వాత, ఇందాక చెప్పింది మరిచిపో అన్నాను. అబీ అను. అంది. గట్టిగా అను. గట్టిగా అంది. ఒంట్లో బాగాలేదు, ఇంటికి ఫోను చెయ్యాలి, నా పాస్‌పోర్టు ఎక్కడ, నేను ఊరికి పోవాలి, అన్నీ పొద్దుగూకేవరకు చెప్పించాను. బస్సుకు లేచేముందు, మీ జేజికి ఒక మాట పంపు, అవ్వ మొట్టమొదట ఏం నేర్పిందో నీ నోటితో చెప్పు అన్నాను. పిల్లకు ఏమీ తెలియదు. నవ్వుతూ నా ఫోను నోటి దగ్గర పెట్టుకుని, జేజీ, అవ్వ నేర్పిన మొదటి మాట విను, అబీ అంది, అబీ అంటే నాకు కావాలి అని అంట.

పంపిన ఆ మాట పక్కన నీలం గీతలు రెండూ పడ్డాయి. వినింది. ఈరోజుకు ఐదో రోజు, జవాబు లేదు.

క్షమించానా అని మీరు అడుగుతారేమో. లేదు. కానీ ఆ సాయంత్రం పిల్లను బస్సెక్కించి వస్తుంటే సముద్రం వైపు రోడ్డు మీద మన ఆడపిల్లలు అరుగుల మీద వరసగా కూర్చుని, ఎవరి ఫోనుకు వాళ్ళు మెల్లగా ఏదో చెప్పుకుంటూ కనిపించారు. ఒకరి భాష ఒకరికి అవసరం లేదు, ఒకరు ఒకరిని మోసం చెయ్యాల్సిన పని కూడా లేదు. మంచిదే. అయినా ఆ రేకుల షెడ్డులో పద్దెనిమిది గొంతులు ఒక్కసారిగా జల్లెడ పేరు పలికితే పైన పావురాలు లేచిపోయేవి. ఆ చప్పుడు నాకు ఇంకా వినిపిస్తూ ఉంటుంది, అందులో వదిన గొంతు కూడా.